ఉగాదికి వచ్చిన ఆర్కిడ్ వాడిపోతోందా? ముందు వేర్లు చూడండి

కావలి నుంచి అడిగారు కదమ్మా. ఉగాదికి మీ అమ్మాయి బెంగళూరు నుంచి తెచ్చిన ఆర్కిడ్ రెండు నెలలు తెల్లటి పూలతో బ్రహ్మాండంగా ఉంది. జూన్‌లో పూలన్నీ రాలిపోయాయి. ఇప్పుడు ఆకులు మెత్తబడి, ముడతలు పడి వేలాడుతున్నాయి, అడుగు ఆకు పసుపు పచ్చగా మారింది. రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు పోస్తున్నా తేరుకోవడం లేదు. నర్సరీ అతనేమో ఎర్రమట్టి, వర్మీ కంపోస్టు కలిపి పెద్ద కుండీలోకి మార్చమన్నాడు. మార్చాలా, పారేయాలా అని మీ ప్రశ్న.

రెండూ వద్దు. మీరు పంపిన ఫొటోలో నడిమి లేత ఆకు ఇంకా పచ్చగా నిలబడి ఉంది. అది ఉన్నంతవరకు మొక్క మీద ఆశ ఉన్నట్టే. ఎర్రమట్టిలోకి మాత్రం పొరపాటున కూడా మార్చకండి, మిగిలిన కాస్త ప్రాణం కూడా పోతుంది. ఆ మాట గులాబీకో మందారానికో సరిపోతుంది. మీ దగ్గరున్నది ఫెలనాప్సిస్. ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, తైవాన్ అడవుల్లో చెట్ల కొమ్మలను పట్టుకుని పెరిగే జాతి. దాని వేర్లకు మట్టితో పనిలేదు. వాన పడితే తడుస్తాయి, తర్వాత గాలికి ఆరిపోతాయి, మళ్లీ వాన కోసం చూస్తాయి. చెట్టు మీద ఉంటుంది కాబట్టి బదనికలాగా చెట్టు రసం పీలుస్తుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. చెట్టు దానికి నిలబడే చోటు, అంతే. మన నల్లమలలో కొమ్మల మీద కనిపించే వాండా ఆర్కిడ్‌లూ ఇలా బతికేవే.

పూలు రాలినందుకు బాధపడకండి. ఫెలనాప్సిస్ పూలు రెండు మూడు నెలలు ఉంటాయి, ఆ తర్వాత రాలడం సహజం. మార్చి చివర్లో వచ్చిన పూలు మన ఎండల్లో జూన్ దాకా నిలిచాయంటే చాలా గొప్ప. మీరు పట్టించుకోవాల్సింది ఆకుల సంగతి.

ఆకు ముడత పడిందంటే మొక్కకు నీళ్లు అందడం లేదని అర్థం. ఇది అందరికీ తెలుసు, అందుకే అందరూ చెంబు తీసుకుంటారు. కానీ మీరు రోజూ పోస్తూనే ఉన్నారు. ఆ నీళ్లు కుండీలో ఉంటున్నాయి తప్ప మొక్కలోకి పోవడం లేదు, ఎందుకంటే తాగాల్సిన వేర్లు కుళ్లిపోయి ఉంటాయి. నీళ్లు తక్కువైనా ఆకు ముడతే, ఎక్కువై వేరు పోయినా ఆకు ముడతే. పైనుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. పొదలకూరు వైపు నిమ్మ తోటలున్న వాళ్లకు ఇది కొత్తేం కాదు. పాదులో నీళ్లు నిలిచిపోతే చెట్టు నీళ్లు లేనట్టే ఆకు వాల్చేస్తుంది, తవ్వి చూస్తే వేరుకుళ్లు బయటపడుతుంది. కాబట్టి ఆకు చూసి నీళ్లు పోయడం ఇవాళ్టి నుంచి ఆపేయండి. వేరు చూడకుండా ఏ నిర్ణయమూ తీసుకోకండి.

చూడటానికి మొక్కను బయటకు తీయాలి, భయపడొద్దు. కుండీని పావుగంట నీళ్లలో నానబెట్టండి, వేర్లు మెత్తబడి విరగకుండా వస్తాయి. ప్లాస్టిక్ కుండీ అయితే చుట్టూ వేళ్లతో నొక్కి వదులు చేసి, మొక్కను మొదట్లో పట్టుకుని మెల్లగా లాగండి. బయట ఊళ్ల నుంచి వచ్చే ఈ మొక్కలు చాలావరకు స్ఫాగ్నం అనే ఎండు నాచులో బిగించి ఉంటాయి. పైన ఆరినట్టే కనిపిస్తుంది, వేలు లోపలికి పెడితే చల్లగా, తడితడిగా తగులుతుంది. ఆ నాచంతా కొంచెం కొంచెంగా తీసేయండి. మధ్యలోకి వచ్చేసరికి సరిగ్గా మొదలు కింద చిన్న ముద్ద ఒకటి తగులుతుంది. మొక్క పసిగా ఉన్నప్పుడు పెంచిన ముద్ద అది. చాలా మొక్కల్లో కుళ్లు మొదలయ్యేది అక్కడే. చుట్టూ నాచు ఆరినా అది ఆరదు. కొన్నిటికి పైన వల కూడా ఉంటుంది. దాన్ని కత్తిరించి, ముద్దను చిదిమి, మొత్తం తీసేసి వేర్లను పారే నీళ్ల కింద కడగండి.

ఇప్పుడు ఒక్కో వేరునూ రెండు వేళ్ల మధ్య పట్టుకుని నొక్కి చూడండి. మంచి వేరు గట్టిగా ఉంటుంది. దాని చుట్టూ స్పాంజి లాంటి తెల్లటి పొర ఉంటుంది, దాన్ని వెలామెన్ అంటారు. ఆరినప్పుడు వెండి రంగులో ఉండి, తడిస్తే లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. నీటిని గబుక్కున పీల్చుకునేది ఆ పొరే. కుళ్లిన వేరు గోధుమ రంగులోనో నల్లగానో ఉండి, నొక్కితే మెత్తగా నీళ్లు కారుతుంది. లాగితే పై పొర తొడుగులా ఊడి చేతికొచ్చి, లోపల దారం లాంటి నార ఒక్కటే మిగులుతుంది. కొన్ని వేర్లు వెలుతురు తగలక పసుపు పచ్చగా ఉంటాయి. గట్టిగా ఉంటే అవి మంచివే. రంగు చూసి కోసేయకండి, వేళ్లతో నొక్కి తేల్చుకోండి.

కుళ్లినవన్నీ కోసేయాలి. కత్తెరను స్టవ్ మంట మీద కాల్చి, చల్లారాక వాడండి. మెత్తబడ్డ చోటు దాటి గట్టి భాగం వచ్చేదాకా కోయండి. కోసిన చోట దాల్చినచెక్క పొడి కొంచెం అద్దండి, పుండు త్వరగా ఆరుతుంది. కోసిన మొన మీద మాత్రమే సుమండీ. వేర్ల నిండా చల్లితే మంచి వేరు కూడా ఎండిపోతుంది. కుళ్లు మొదలు దాకా పాకి ఉంటే పురుగు మందుల షాపులో దొరికే సాఫ్ అనే కుళ్లు తెగులు మందు పొడి లీటరుకు రెండు గ్రాములు కలిపి, చేతికి గ్లౌజు వేసుకుని, వేర్లను కాసేపు ముంచి తీయొచ్చు. వేర్ల దగ్గరే ఆగిపోతే ఆ మందు కూడా అక్కర్లేదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయమని చాలామంది చెబుతారు. బుసబుసా నురగ రావడం బాగానే ఉంటుంది గానీ బతికున్న వేరు మొనలను కూడా అది కాలుస్తుంది, నేను వాడమని చెప్పను. పూలు పూసిన కాడ ఇంకా పచ్చగా ఉందన్నారు. దాన్ని కూడా అడుగు నుంచి కోసేయండి. మనసు రాదు, నాకు తెలుసు. కానీ ఈ పరిస్థితిలో మొక్క దగ్గరున్న బలమంతా వేర్లకే పోవాలి. పసుపు ఆకును మాత్రం పీకొద్దు. మొక్క అందులోని సారాన్ని తీసుకుంటోంది, పూర్తిగా ఎండితే దానంతటదే ఊడుతుంది.

అంతా అయ్యాక మొక్కను నీడలో, గాలి తగిలే చోట ఒక పూట ఆరనివ్వండి. ఇక్కడి నుంచి రెండు దారులు. మంచి వేర్లు మూడు నాలుగు, వేలెడు పొడవైనా మిగిలాయా, లేక ఏమీ మిగల్లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

వేర్లు మిగిలితే పని తేలిక. వేర్లు పట్టేంత చిన్న కుండీ చాలు. పెద్ద కుండీ పెడితే తడి ఆరక మళ్లీ కుళ్లే. పల్లీలు, పప్పులు పోసుకునే పారదర్శక ప్లాస్టిక్ డబ్బాకు ఊచ కాల్చి అడుగునా పక్కలా బోలెడు బొక్కలు పెడితే అంతకు మించిన కుండీ లేదు, వేరు రంగు బయటి నుంచే కనిపిస్తుంది. నింపడానికి మన దగ్గర దొరికేవే చాలు. సర్వి కట్టె బొగ్గు గానీ, ఇస్త్రీ బొగ్గు గానీ తెచ్చి, వక్కకాయంత ముక్కలు కొట్టి, దుమ్ము పోయేలా కడగండి. దానికి సమానంగా ఎండిన టెంకాయ పీచు ముక్కలు కలపండి. ఈ పీచులో ఉప్పు ఉంటుంది, మన తీరం కాయల్లో మరీనూ. కనీసం రెండు మూడు రోజులు నానబెట్టి, టీ రంగు నీళ్లు వచ్చినన్నాళ్లు పారబోసి మళ్లీ నానబెట్టాలి. ఈ ఒక్క పని బద్ధకించి కొత్త వేరు మొనలు మాడిపోయిన మొక్కలు చాలా చూశాను. ఆన్‌లైన్‌లో పైన్ బెరడు కొనగలిగితే పీచు బదులు అదే మేలు, త్వరగా చివకదు. మొక్క మొదలు పైకి కనిపించాలి, ఆకుల మధ్య దాకా పూడ్చకూడదు. ఊగకుండా పుల్లకు కట్టండి, ఊగే మొక్కకు కొత్త వేరు అంటుకోదు.

వేర్లేమీ మిగలకపోతే అప్పుడు ఓపిక కావాలి. ఆకులు పట్టే మూతున్న పారదర్శక డబ్బా తీసుకోండి. అడుగున కొత్త నాచు తడిపి, గట్టిగా పిండి, చుక్క కారని స్థితిలో పరవండి. మొక్క మొదలు ఆ నాచుకు పైన ఆనీ ఆనకుండా ఉండాలి, లోపల దిగకూడదు. మూత కొంచెం వారగా పెట్టండి. తాగడానికి వేర్లు లేవు కాబట్టి ఆకుల్లో ఉన్న నీరు బయటకు పోకుండా చూడటమే ఇక్కడ మన పని, గాలిలో తేమ ఆ పని చేస్తుంది. పొద్దున, సాయంత్రం మూత తీసి కాసేపు గాలి ఆడనివ్వండి. ఈ డబ్బాను ఎండ తగిలే కిటికీలో పెట్టారంటే మధ్యాహ్నానికి లోపల ఉడికిపోతుంది. ఇంట్లో అన్నిటికంటే చల్లగా, వెలుతురుగా ఉండే మూల చూడండి. బూజు కనిపిస్తే నాచు మార్చేయండి. నెలా రెండు నెలలకు ఆకుల అడుగున మొదలు మీద పచ్చటి మొటిమ లాంటిది పొడుచుకొస్తుంది. అదే కొత్త వేరు. అది రెండంగుళాలు పెరిగాక బొగ్గు కుండీలోకి మార్చండి. ఈలోపు ఒకటో రెండో అడుగు ఆకులు పోతాయి, టెన్షన్ పడొద్దు. నడిమి ఆకు లాగితే ఊడొచ్చి, అడుగున నల్లగా మెత్తబడి ఉంటే మాత్రం పెరిగే మొన పోయినట్టే. అప్పుడు కూడా ఒక్కోసారి మొదలు పక్క నుంచి పిలక వస్తుంది గానీ, దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాల్లో ఆర్కిడ్‌లను చంపేది ఎండ ఒక్కటే కాదు. తీరం వెంబడి చాలా ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మట్టిలో ఉన్న మొక్క ఆ ఉప్పును కొంత ఓర్చుకుంటుంది, నేరుగా గాలిలో ఉన్న వేరు ఓర్చుకోదు. కుండీ అంచుకు, బొగ్గు ముక్కల మీద తెల్లటి పొర కట్టి, వేరు మొనలు నల్లబడుతుంటే అది ఉప్పే. నీళ్లలో కరిగిన ఉప్పులను కొలిచే టీడీఎస్ మీటరు ఉంటే 200 లోపు నీళ్లు పోయండి. మీటరు లేకపోతే తాగడానికి తెప్పించుకునే ఇరవై లీటర్ల క్యాన్‌లోంచి వాడండి, ఒక్క మొక్కకు పట్టేదెంత. కనిగిరి వైపు ఫ్లోరైడ్ భయంతో ఎలాగూ క్యాన్ నీళ్లే తాగుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లూ అవే పోయొచ్చు. ఆర్‌ఓ మెషిన్ బయటకు వదిలేసే నీళ్లు మాత్రం పోయకండి. తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. ఏసీ నుంచి కారే నీళ్లలో ఉప్పు ఉండదు, గొట్టం శుభ్రంగా ఉంటే భేషుగ్గా పనికొస్తాయి. అన్నిటికంటే మేలైనది వాన నీరు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసేదే అసలు వాన, అప్పుడు మూతున్న డ్రమ్ములో పట్టి ఉంచుకోండి.

ఎప్పుడు పోయాలంటే రోజుల లెక్క చెప్పలేను. డబ్బా గోడకు ఆనుకున్న వేరు పచ్చగా ఉంటే వద్దు, వెండి రంగుకు తిరిగితే పోయండి. పడమటి గాలి కొడుతున్న ఈ రోజుల్లో బొగ్గు కుండీకి రెండు మూడు రోజులకొకసారి కావాల్సి రావచ్చు, నవంబరు ముసురులో వారం పది రోజులైనా అక్కర్లేకపోవచ్చు. పోసేటప్పుడు చెంబెడు కాదు, కుండీని బకెట్‌లో పది నిమిషాలు ముంచి, తీసి, పూర్తిగా కారనివ్వండి. పొద్దున్నే చేయండి. నడిమి ఆకు గుంటలో నీళ్లు నిలిస్తే దూదితోనో టిష్యూతోనో అద్దేయండి. అక్కడ నీళ్లు నిలిచి కుళ్లితే ఇంత శ్రమా వృథా. కుండీని కొంచెం వాలుగా పెట్టడం కూడా మంచిదే. అడవిలో అది పెరిగేది అలాగే, ఆకు కొసలు కిందికి వాలి, నీళ్లు జారిపోయేలా.

చోటు విషయానికొస్తే తూర్పు కిటికీ, ఎనిమిదింటిలోపు ఎండ, ఆ తర్వాత నీడ. మేడ మీద పెడతానంటే గ్రీన్ నెట్ ఒక పొర సరిపోదు, రెండు పొరలైనా వేయాలి. మధ్యాహ్నం ఆకు మీద చేయి పెట్టి చూడండి, వేడిగా తగిలితే ఆ చోటు పనికిరాదు. ఫెలనాప్సిస్‌కు పగలు 30 డిగ్రీల దాకా హాయి, 35 దాటితే కష్టం. మనకు మే నెలలో 40 దాటుతుంది, రోహిణి కార్తెలో రాత్రిళ్లు కూడా 28 కిందికి దిగని రోజులుంటాయి. ఈ మొక్క ఆకు రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి, గాలి పీల్చుకునేది రాత్రే. అందుకే వేడి రాత్రులు దానికి మరింత భారం. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అది పెరగాలని కోరుకోవద్దు, నిలబడితే చాలు. కింద గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి దాని మీద కుండీ పెట్టండి, అడుగు నీళ్లకు తగలకూడదు. చుట్టూ మనీ ప్లాంటు, ఫెర్న్‌లు ఉంటే తేమ నిలుస్తుంది. ఏసీ గాలి నేరుగా తగిలే చోట, మామిడి పళ్లు మగ్గేసిన గదిలో పెట్టకండి. మగ్గే పళ్ల నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు మొగ్గలు రాలిపోతాయి.

ఎరువు ఇప్పుడు ఒక్క చిటికెడు కూడా వద్దు. తాగలేని మొక్క తినలేదు. కొత్త వేర్లు రెండు మూడు కనిపించాక ఎరువుల షాపులో దొరికే 19:19:19 పొడి పది లీటర్ల నీళ్లకు ఒక టీ స్పూను చొప్పున కలిపి వారానికోసారి చాలు, నెలకోసారి ఉత్త నీళ్లతో కుండీని బాగా కడిగేయాలి. బియ్యం కడిగిన నీళ్లు, చక్కెర నీళ్లు, వెల్లుల్లి నీళ్లు, ఐసు ముక్కలు అంటూ వీడియోల్లో చూపిస్తున్నారు. కుళ్లు తగిలిన మొక్కకు బియ్యం నీళ్లు, చక్కెర నీళ్లు పోస్తే పెరిగేది బూజే. ఉష్ణమండలం మొక్కకు ఐసు ఎందుకో నాకు అర్థం కాదు. డబ్బు పోకపోయినా మొక్క పోతుంది కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

ఆకు సందుల్లో తెల్లటి దూది లాంటిది కనిపిస్తే అది పిండినల్లి. చీమలు ఎక్కుతున్నాయంటే అనుమానించండి. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచేసి, సాయంత్రం పూట లీటరుకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి చల్లండి. ఎండలో చల్లితే ఆకు మాడుతుంది.

ఇప్పుడు జూలైలో మొదలుపెడుతున్నారు కాబట్టి కాలం మీకు కలిసొస్తుంది. ఆగస్టు, సెప్టెంబరులో గాలి తేమెక్కుతుంది, అక్టోబరు వానలకు వేరు పరుగెత్తుతుంది. తుఫాను పట్టిన రోజుల్లో మాత్రం మొక్కను లోపలికి తెచ్చేయండి, మూడు రోజులు ఆగని వానలో నానితే మళ్లీ మొదటికొస్తుంది. ముడత పడిన పాత ఆకులు పూర్తిగా నున్నగా అవ్వవు, అది చూసి నిరాశపడకండి. కొత్తగా వచ్చే ఆకు ముడత లేకుండా, ముందు ఆకంత పెద్దగా వచ్చిందా అన్నది చూసుకోండి. ఇంకో ఆర్కిడ్ కొనాలనిపిస్తే కడియం నుంచి వచ్చే మొక్కల్లో డెండ్రోబియం అడగండి. చెరుకు గడల్లాంటి కాడల్లో నీరు దాచుకుంటుంది, నెల్లూరు, ఒంగోలు ఎండలకు ఫెలనాప్సిస్ కంటే బాగా తట్టుకుంటుంది.

సంక్రాంతి ముందు రాత్రిళ్లు చల్లబడతాయి. కొన్ని వారాలు ఆ చలి తగిలితే ఫెలనాప్సిస్ పూకాడ వేయడానికి సిద్ధపడుతుంది. ఆకు సందు నుంచి ఏదో పొడుచుకొస్తే వేరా, పూకాడా అని తికమక పడతారు. వేరు మొన గుండ్రంగా, నున్నగా ఉండి కిందికి వంగుతుంది. పూకాడ మొన కొంచెం చప్పిడిగా, చేతికి వేసుకునే మిట్టెన్ గ్లౌజులా చీలి ఉండి పైకి లేస్తుంది. మీ మొక్క ఈ జనవరికే కాడ వేస్తే వేలెడంత ఉన్నప్పుడే కోసేయండి. ఈ ఏడు పూస్తే వచ్చే మే నెల దాటలేదు. అప్పటికి నాలుగైదు గట్టి ఆకులు, డబ్బా గోడ నిండా వేర్లు ఉంటే మాత్రం ఉంచుకోవచ్చు. వేర్లు కడిగాక ఒక ఫొటో, కొత్త మొటిమ కనిపించినప్పుడు ఒక ఫొటో పెట్టండమ్మా, చూసి చెబుతాను.